ఎడమ కాలికి పనిలేని బండి

కొత్త కారు రోడ్డెక్కిన మొదటి ఉదయం, క్లచ్ మాస్టారు దాన్ని ఆపాలనుకున్న చోటే ఆపారు. కారు ఆగింది. కారులో ఉన్నవి మాత్రం ఆగలేదు. వెనక సీట్లో ఉన్న స్పాంజి చుట్ట ఎగిరొచ్చి మాస్టారి మెడ మీద కూర్చుంది. పక్క సీట్లో ఆయన అక్కయ్య ఒళ్ళో పెట్టుకున్న గుండీల డబ్బా మూత ఊడింది. గుండీలు అద్దానికి కొట్టుకుని, వాటిలో కొన్ని చల్లగాలి వచ్చే సందుల్లోకి జారిపోయాయి. అక్కయ్య సీటు బెల్టు పెట్టుకుంది కాబట్టి ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. ఆవిడ కళ్ళజోడు వెళ్ళింది.

వెనక వస్తున్న కూరగాయల వ్యానువాడు కూడా సడన్ బ్రేకు వేయాల్సి వచ్చింది. పక్కకొచ్చి, తల బయటికి పెట్టి, స్పాంజి కింద ఉన్న మనిషి ఎవరో పోల్చుకోలేక, "ముందు క్లచ్ మాస్టారి దగ్గరికెళ్ళి నేర్చుకో నాయనా, తర్వాత రోడ్డెక్కుదువుగాని" అని సలహా ఇచ్చి వెళ్ళిపోయాడు.

మాస్టారు స్పాంజి తీయలేదు. వ్యాను మలుపు తిరిగేదాకా అలాగే ఉంచారు.

జరిగిందేమిటంటే, సందు చివర కుక్క అడ్డం వచ్చింది. మాస్టారి కుడి కాలు బ్రేకు మీదికి పద్ధతిగానే వెళ్ళింది. అయితే అది బ్రేకు మీదికి వెళ్ళినప్పుడల్లా తోడుగా లేవడం ఎడమ కాలికి ఉద్యోగధర్మం. క్లచ్‌ని సగం సగం తొక్కకూడదు, నేలకి తాకాలి అని ఆయన జీవితమంతా చెప్పుకొచ్చిన మాటని అందరికన్నా బాగా ఒంటబట్టించుకున్నది ఆ కాలే. కరెంటు కారులో క్లచ్ ఉండదు. క్లచ్ కోసం వెతికిన కాలికి వెడల్పాటి బ్రేకు అంచు తగిలింది. దొరికిన దాన్ని నేలకి తాకించింది.

మాస్టారికి అసలు పేరు ఒకటుంది. డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద అదే రాసి ఉంటుంది. కానీ బోర్డు చదివి వచ్చేవాళ్ళు తక్కువ, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు పంపితే వచ్చేవాళ్ళు ఎక్కువ. ఊళ్ళో స్టీరింగు పట్టినవాళ్ళలో సగంమంది ఎడమ కాళ్ళు ఆయన శిష్యులే. "క్లచ్ వదలడమంటే నిద్రపోతున్న పసిపిల్ల పక్కనుంచి లేవడం, మెల్లిగా, ఇంకా మెల్లిగా" అని ఆయన చెప్పే మాట విని, పిల్లలు లేనివాళ్ళు కూడా తలాడించేవారు. కారు కుదుపుతో ఆగిపోతే "ఇదిగో, పిల్ల లేచింది" అనేవారు. ఆయనకున్న ఒక్క పెట్రోలు కారులో, తన కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉండేవి. నేర్చుకునేవాళ్ళు తప్పు చేసేలోపే ఈయన కాలు దిద్దేది. అలా ఇతరుల తప్పులు దిద్దీ దిద్దీ ఆ కాలికి విశ్రాంతి అంటే ఏమిటో తెలియకుండా పోయింది. మంగలి కుర్చీలో కూర్చున్నా తొక్కేది. సినిమా హాల్లో ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు. "ఈ ఇంట్లో మీ ఒంట్లో కష్టపడేది అదొక్కటే, అదీ నిద్రలో" అని ఆయన భార్య అంటూ ఉండేది.

కారు మాస్టారిది కాదు. అక్కయ్యది. అసలు కథ అక్కడుంది.

అక్కయ్య కార్ల సీట్లకి కవర్లు కుడుతుంది. ఊళ్ళో ఏ కారు తలుపు తీసినా లోపల కనబడే కుట్టు సగానికి సగం ఆవిడదే. ఏ బండి సీటు నడుము దగ్గర ఎంత వంపు తిరుగుతుందో, ఏ బండి తలదిండు కింద ఎన్ని చిక్కులున్నాయో ఆవిడకి కళ్ళు మూసుకుని తెలుసు. చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో ఎడమ కాలు సన్నబడిపోయింది. చేతికర్ర పట్టుకుని నడుస్తుంది. మిషను మాత్రం కుడి కాలితో నడుపుతుంది. కింద చిన్న పెడలు ఉంటుంది, నొక్కితే మోటారు పరిగెత్తుతుంది, పాదం లేపితే సూది నెమ్మదిస్తుంది.

మాస్టారు కుర్రతనంలో స్కూలు పెట్టినప్పుడు ఆ మొదటి కారు సీట్లకి ఆవిడే గళ్ళ బట్ట కుట్టింది. కుట్టి, తొడిగి, డ్రైవరు సీట్లో తనే కూర్చుని, నాకూ నేర్పరా అంది. ఆయన నేర్పబోయారు. అక్కయ్య రెండు చేతులతో తన ఎడమ మోకాలిని పట్టుకుని క్లచ్ మీదికి నొక్కింది. స్టీరింగు ఎవరు పట్టుకుంటారు? కారు ఒక్క గంతు వేసి గోడ ముందు ఆగిపోయింది. అప్పుడు మాస్టారు నవ్వుతూ, ప్రేమగానే, క్లచ్ లేకుండా బండి లేదక్కా అన్నారు. నేనున్నానుగా, ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తా అన్నారు. అన్న మాట తప్పలేదు కూడా. తీసుకెళ్ళారు. కాకపోతే అక్కయ్య ఫోను చేసినప్పుడల్లా "ఇదిగో వచ్చేశా, సందు మలుపులో ఉన్నా" అనేవారు. ఆ మలుపు ఊరి ఏ కొసన ఉండేదో ఆయనకే తెలియాలి. ఆవిడ కొలతల టేపు మెళ్ళో వేసుకుని, నమూనాల సంచీ భుజానికి తగిలించుకుని, గుమ్మంలో కర్ర మీద ఆనుకుని నిలబడేది. ఎదురింటివాళ్ళు ఆవిణ్ణి చూసి టైము చెప్పుకోవడం మానేశారు, ఎందుకంటే ఆవిడ ఎప్పుడూ అక్కడే ఉండేది.

ఆ మధ్య కొత్తగా కట్టిన సినిమా హాలువాళ్ళు కుర్చీలకి కవర్లు కుట్టాలి, నమూనాలతో రమ్మన్నారు. మాస్టారు ఆ రోజు కూడా సందు మలుపులోనే ఉన్నారు. నిజానికి రైలు గేటు దగ్గర ఒక శిష్యురాలు బండి ఆపేసుకుని, తిరిగి కదల్చలేక ఏడుస్తుంటే ఓదారుస్తున్నారు. అక్కయ్య హాలుకి చేరేసరికి పని ఇంకొకరి చేతికి వెళ్ళిపోయింది. ఆవిడ ఏమీ అనలేదు. అదే మాస్టారిని కుదిపింది. తిట్టి ఉంటే ఆ రోజు రాత్రి అన్నం సహించేది.

ఆ తర్వాత నెల తిరక్కుండానే ఆవిడ షోరూముకి తనంత తానే ఆటోలో వెళ్ళి కరెంటు కారు తీసుకుంది. కుడి కాలుతో నడపగలదని డాక్టరు కాగితం, రవాణా ఆఫీసు అనుమతి అన్నీ తనే తెచ్చుకుంది. తెచ్చుకుని తమ్ముడికి చెప్పింది. కొండకి అవతలి ఊళ్ళో బస్సుల ఆసామి ఒకాయన తన బస్సులన్నిటికీ సీట్లు మార్చాలనుకుంటున్నాడు. వచ్చే నెలాఖరు శనివారం రమ్మన్నాడు. పని కుదిరితే వారం వారం వెళ్ళి కొలతలు తీయాలి. "కుదిరితే నేనే నడుపుకుని వెళ్తాను. లేకపోతే ఒప్పుకోను. నేర్పుతావా, ఇంకో స్కూలుకి పొమ్మంటావా?" అని అడిగింది.

ఇంకో స్కూలు అనే మాట మాస్టారికి గుచ్చుకుంది. నేర్పుతానన్నారు. నేర్పడానికి ముందు తనకి వచ్చి ఉండాలి కదా అని ఆ మొదటి ఉదయం తనే స్టీరింగు ముందు కూర్చున్నారు. గుండీలు ఆ రోజు జారినవే. ఎంత వెతికినా రెండో మూడో లోపలే ఉండిపోయాయి. చప్పుడే లేని ఆ కారుకి మలుపు తిరిగినప్పుడల్లా లోపల గుండీ దొర్లే చప్పుడొకటి మిగిలింది. కొన్నాళ్ళకి అదే ఇంజను చప్పుడని మాస్టారు మనసుకి నచ్చజెప్పుకున్నారు.

ఎడమ కాలికి బుద్ధి చెప్పడానికి ఆయన చేయని ప్రయత్నం లేదు. దాన్ని సీటు దగ్గరికి లాగి పెట్టుకున్నారు. అది మాట వినలేదు. చివరికి ఆ కాలి చెప్పు విప్పేసి నడిపితే, ఉత్త పాదానికి కింద తివాచీ తగిలి, ఓహో ఇది ఆ బండి కదూ అని గుర్తొస్తోందని కనిపెట్టారు. ఆ ఉపాయం బాగానే పనిచేసింది. ఒకనాడు బ్యాంకు ముందు దిగి, లోపల వరసలో నిలబడి, వెనకవాళ్ళు నవ్వుకుంటుంటే తలకి రంగు సరిగా అంటలేదేమోనని జేబులోంచి దువ్వెన తీశారు. తర్వాత కిందికి చూసుకున్నారు. కుడి కాలికి చెప్పుంది. అంతకన్నా ఇబ్బంది ఇంకోటి. ఇంజను చప్పుడు లేకపోవడంతో ఆగిన బండిని ఆపేసిన బండే అనుకుని దిగిపోయారు. బయట తలుపు తీసి ఉన్న కారు, లోపల చల్లగాలి, ఒక చెప్పు. కాపలా మనిషి దాని పక్కనే నిలబడి హాయిగా చల్లబడుతున్నాడు.

ఇంటి దగ్గర కరెంటు పెట్టడంలోనూ అంతే. మాస్టారు మొదటి రోజు అక్కయ్య దుకాణంలో ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసేసి, అక్కడినుంచి కిటికీ గుండా పొడుగు వైరు లాగి కారుకి తగిలించారు. చక్కగా ఎక్కుతోంది కదా అని చేతులు దులుపుకున్నారు. కాసేపటికి దుకాణంలో కాలిన వాసన వచ్చింది. అక్కయ్య బట్ట కాలిందేమోనని అటూ ఇటూ చూసి, ప్లగ్గు మీద చెయ్యి వేసి, చటుక్కున వెనక్కి తీసింది. ఇస్త్రీ పెట్టె కాసేపు పెడితేనే వేడెక్కే ప్లగ్గు, గంటల తరబడి కారుని మోస్తుందా అని అడిగింది. ఆ సాయంత్రమే కరెంటు మనిషి వచ్చి, మీటరు దగ్గర్నుంచి విడిగా లావు వైరూ ఎర్తూ వేసి, గోడకి పెట్టె బిగించి, పొడుగు వైర్లతో ఎప్పుడూ చేయకండి సార్ అని మాస్టారికి చెప్పి వెళ్ళాడు. అక్కయ్యకి చెప్పలేదు. ఎవరికి చెప్పాలో చూడగానే తెలిసిపోయినట్టుంది.

అసలు ఇబ్బంది ఇక్కడ చెప్పాలి. అక్కయ్యకి నేర్పడానికి మాస్టారి దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆవిడ మొదటిసారి కూర్చుని కుడి పాదం ఆనించగానే కారు మిషను మీద పట్టుబట్ట జారినట్టు కదిలింది. పాదం లేపితే దానంతట అదే నెమ్మదించింది, బ్రేకు జోలికి పోకుండానే. మాస్టారికి అలా పాదం లేపినప్పుడల్లా బండి వెనక్కి లాగుతున్నట్టుండి, ఎక్కిన ప్రతివాళ్ళూ తలకాయలు ఆడించేవారు. అక్కయ్య పాదం ఒక్కసారిగా లేపేది కాదు. మూల తిరిగేచోట కుట్టు నెమ్మదించినట్టు, కొంచెం కొంచెంగా వదిలేది. ఆవిడ ఎడమ కాలు పక్కన తనకి కేటాయించిన చోట కదలకుండా కూర్చునేది. ఏ పనీ చేయకుండా ఉండడంలో దానికి ఉన్నంత అనుభవం ఊళ్ళో ఏ కాలికీ లేదు. పక్క సీట్లో మాస్టారు మాత్రం కాలుగాలిన పిల్లిలా ఉండేవారు. కింద పెడళ్ళు లేవు. ఉన్నా లేకపోయినా ఆయన కాలు తివాచీని తొక్కుతూనే ఉండేది. చెప్పడానికి ఏదైనా ఉండాలి కాబట్టి, చప్పుడు లేని బండి కదా, సందుల్లో జనం వినరు, మనమే చూసుకోవాలి అని చెప్పారు. అది మంచి మాటే. రోజూ అదే చెప్పారు.

అక్కయ్య లైసెన్సు పరీక్ష మొదటిసారే గట్టెక్కింది. ఇంటికొచ్చి మాస్టారు మిఠాయి పంచారు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని, వీధిలో పోయే ప్రతి కారునీ చూస్తూ ఉండిపోయారు. "వదినకి లైసెన్సు వస్తే మీకెందుకండీ ఈ ముఖం?" అని భార్య అడిగింది. ముఖానికేం, బాగానే ఉంది అన్నారు. కాలు తొక్కుతూనే ఉంది.

ఇక శనివారం మిగిలింది. కొండ దారి. అక్కయ్య మొదటిసారి ఊరు దాటే ప్రయాణం. తోడు రమ్మంటే మాస్టారు ఎగిరి గంతేశారు. వెళ్ళి రావడం సజావుగా జరిగితేనే ఆవిడ ఆ పని ఒప్పుకుంటుంది. లేకపోతే మళ్ళీ గుమ్మం, మళ్ళీ కర్ర, మళ్ళీ సందు మలుపు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఒకరికొకరు చెప్పుకోలేదు.

బయలుదేరేముందు మాస్టారు ఒక ఉపకారం చేశారు. షోరూము మనిషి బ్యాటరీని రోజూ నూటికి ఎనభై దాకా నింపితే చాలు, నిండుగా నింపి ఉంచొద్దు, ఎక్కువకాలం మన్నుతుంది అని చెప్పాడు. దూరం వెళ్ళే రోజున మాత్రం నిండుగా నింపుకోండి అని కూడా చెప్పాడు, అయితే అప్పటికి మాస్టారు ఫోనులో ఉన్నారు. తెల్లారి దుకాణానికొచ్చి చూస్తే అక్కయ్య నిండుగా ఎక్కేలా పెట్టి ఉంచింది. అంకె అప్పుడే ఎనభై దాటబోతోంది. పాపం, మరచిపోయిందనుకున్నారు. వైరు పీకేసి, చుట్టి, సర్దేశారు. అక్కయ్య వచ్చి కూర్చుని అంకె చూసి, ఏమిటిది అన్నట్టు కనుబొమ్మలు లేపింది. కానీ వైరు అప్పటికే డిక్కీలో ఉంది, బస్సుల ఆసామి చెప్పిన వేళ దగ్గర పడుతోంది. షోరూము కాగితం మీద రాసిన దూరం ఎలాగూ దీనికి రెట్టింపు ఉంది. కదిలారు.

కాగితం మీద దూరం చదును నేల మీద ఎవరో ఒక్కడే మెల్లిగా నడిపినప్పటిది. ఈ కారులో ఇద్దరు మనుషులూ, స్పాంజి చుట్టలూ, రెక్సిను బేళ్ళూ, పూర్తిగా తెరిచిన చల్లగాలీ ఉన్నాయి. పైగా కొండ. ఎక్కుతున్నకొద్దీ అంకె చిల్లుపడ్డ బకెట్టులా దిగిపోయింది. మాస్టారు మొదట దాన్ని చూడలేదు. తర్వాత చూడడం ఆపలేకపోయారు. పెట్రోలు బండికి ముల్లు కిందికొస్తే ఎక్కడో ఒక బంకు తగులుతుందిలే అని ఆయన బతికారు. దారిలో ఒక ఊళ్ళో కరెంటు ఎక్కించే చోటు ఖాళీగా కనబడింది. అక్కయ్య ఆపుదామంది. ఇంకా సగం పైనే ఉంది, కొండ మీద ఇంకోటి ఉందట పోనీ అన్నారు ఆయన. ఆవిడకి నచ్చలేదు. బాబిన్లో దారం అయిపోయేదాకా చూస్తే సీటు మధ్యలో ఆగిపోతాం, వీలైనప్పుడే చుట్టుకోవాలి అంది. అన్నది గానీ, తమ్ముడు మాస్టారు కదా, పోనిచ్చింది.

కొండ మీద టీ కొట్టు పక్కన ఆ ఇంకోటి ఉంది. దాని మీద గోనె సంచీ కప్పి, తాడు కట్టి ఉంది. పది రోజులైంది చెడిపోయి అన్నాడు టీ కొట్టాయన. ఫోను చేసి కనుక్కోవాల్సింది కదండీ, అందరూ అలాగే చేస్తారు అన్నాడు. మాస్టారు ఫోనునీ గోనె సంచీనీ మార్చి మార్చి చూశారు. కారు అంకె పద్దెనిమిది. ఆసామి ఊరు ఇంకా చాలా కిందుంది. టీ చెప్పారు. మాస్టారు తన టీ నిలబడి తాగారు, అక్కయ్య టీ కూడా చల్లారుతోందని నిలబడే తాగేశారు.

మళ్ళీ కారెక్కాక చల్లగాలి ఆపేశారు. అద్దాలు దించారు. గుండీ దొర్లింది.

"న్యూట్రల్లో పెట్టెయ్, జారుకుంటూ పోదాం. పెట్రోలు బండిని అలాగే దింపేవాడిని" అన్నారు మాస్టారు.

"నీ శిష్యులకీ అదే నేర్పావా?"

నేర్పలేదు. కొండ దిగేటప్పుడు శిష్యులు న్యూట్రల్ మాటెత్తితే చంపేసేవారు. 

అక్కయ్య గేరు ముట్టుకోలేదు. పాదం కొంచెం కొంచెంగా లేపింది. మలుపు దగ్గర సూది నెమ్మదించినట్టు కారు తనంత తానే వేగాన్ని పట్టి ఉంచింది. మాస్టారు ఎడమ కాలితో తివాచీని నేలకి తాకించారు. మళ్ళీ తాకించారు. లోయ పక్కన రోడ్డంచు తెల్లగీత దగ్గరికొచ్చి దూరం జరిగింది.

"ఒరేయ్, నువ్వలా తొక్కుతుంటే నిజంగానే బ్రేకు పడుతుందేమోనని నాకు హడలుగా ఉంది. ఆ కాలు మడుచుకుని కూర్చో."

మాస్టారు చిన్నపిల్లాడిలా ఎడమ కాలు మడిచి తన కిందే పెట్టుకున్నారు. కదలడానికి చోటు లేక ఆ కాలి తొక్కుడంతా గుండెల్లోకి ఎక్కినట్టయింది. అంకె చూశారు. పంతొమ్మిది. కళ్ళజోడు తుడుచుకుని చూశారు. ఇంకో నాలుగు మలుపులకి ఇరవై.

"అక్కా, ఇది పెరుగుతోందేమిటి?"

దిగుతున్నప్పుడు చక్రాలే తిరిగి నింపుతాయట, షోరూమువాడు చెప్పాడు అంది. అతను చెప్పినవన్నీ ఆవిడ విన్నట్టుంది. ఎక్కేటప్పుడు పోయినదంతా రాదనీ, కొంత వస్తుందనీ కూడా చెప్పింది. కాసేపు మాస్టారు ఆ అంకెనే చూస్తూ కూర్చున్నారు.

తర్వాత ఆవిడ రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండానే అంది. "ఇంకో మాట కూడా చెప్పాడు. క్లచ్ లేని బండ్లు పెట్రోలువి కూడా ఎన్నాళ్ళబట్టో ఉన్నాయటగా."

 ఉన్నాయి. మాస్టారికి తెలుసు. వాటిని బద్ధకస్తుల బండ్లని క్లాసులో ఎగతాళి చేసేవారు. ఎగతాళి చేస్తున్న ప్రతిసారీ మనసులో ఒక మూల అక్కయ్య గుమ్మంలో నిలబడి కనబడేది. చెబుదామనుకున్న రోజులున్నాయి. ఇంతలో ఫోను మోగేది, ఒరేయ్ రాగలవా అని ఆవిడ అడిగేది. ఆ అడగడంలో ఏముందో గానీ, ఊరంతా మాస్టారూ అని పిలిచినా రాని పెద్దరికం ఆయనకి అప్పుడు వచ్చేది. రేపు చెబుదాంలే అనుకునేవారు.

ఇన్నేళ్ళ మాట ఒక్క మలుపులో చెప్పడం ఆయనవల్ల కాలేదు. చేతిలో ఉన్న చిన్న తప్పు చెప్పారు.

"పొద్దున వైరు పీకింది నేనే. నువ్వు మరచిపోయావనుకున్నా."

"తెలుసు."

"ఆ బండ్ల సంగతి కూడా..."

"అదీ తెలుసు. కాలు తిమ్మిరెక్కిందా? కావాలంటే దించుకో, తొక్కకు."

దించుకున్నారు. తిమ్మిరెక్కింది. తొక్కుదామన్నా ఆ కాలు అప్పుడు ఆయనది కాదు. కొండ దిగేదాకా అది అక్కయ్య కాలికి జతగా బుద్ధిగా పడుంది.

బస్సుల షెడ్డులో ఆసామి కారు చుట్టూ ఒకసారి తిరిగి, మాస్టారికి నమస్కారం పెట్టి, కొండ దారిలో భలే తీసుకొచ్చారండీ అన్నాడు. నేను కాదు, ఆవిడ అని మాస్టారు చూపించాల్సి వచ్చింది. షెడ్డులో ప్లగ్గు ఉందా అని కాకుండా, ఎర్తు ఉందా అని అక్కయ్య అడిగింది. వర్క్‌షాపు గోడకి లావు వైరుతో ఒకటి ఉంది. కారు అక్కడ తగిలించి ఆవిడ బస్సెక్కింది. కర్రని సీటు కమ్మీకి వేలాడదీసి, ఒక్కో సీటు వీపు నిమిరి, టేపు సాగదీసి, కొలతలు పైకి చెబుతుంటే ఆసామి మనిషి రాసుకున్నాడు. పాత కుట్లు ఎక్కడ తెగుతున్నాయో, ఎందుకు తెగుతున్నాయో చూపించింది. జనం దిగేటప్పుడు పట్టుకునే మూల అది, అక్కడ రెండు పొరలు వేయాలి అంది. సాయంత్రానికి ఆసామి ఒప్పేసుకున్నాడు. ఒక్కటే అనుమానం అన్నాడు. వారం వారం రావాలి కదా, ఈవిణ్ణి ఎవరు తీసుకొస్తారు?

ఆ ప్రశ్న మాస్టారిది. ఎన్నేళ్ళుగానో ఎవరడిగినా జవాబు ఆయనదే. నోరు తెరిచారు కూడా. "నే..." అన్న మాట బయటికి వచ్చేసింది. అక్కయ్య ఆయన వైపు చూడలేదు. టేపు చుట్టుకుంటోంది. చుట్ట ఒకచోట ఆగిపోయింది.

"నేను వెనక్కి వెళ్ళి కారు నిండిందేమో చూస్తాను. ఆవిడే వస్తారు" అన్నారు మాస్టారు.

టేపు మళ్ళీ కదిలింది.

ఆ తర్వాతి శనివారం అక్కయ్య ఒక్కతే వెళ్ళింది. దారిలో కరెంటు ఎక్కించే చోట్లకి ముందే ఫోను చేసి, ఒకటి కాకపోతే ఇంకోటి అని చూసుకుని, చక్రాల్లో గాలి పట్టించుకుని, నిండుగా నింపుకుని వెళ్ళింది. మాస్టారు ఆ రోజంతా కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగారు. ఫోను తీసి చూశారు, మోగడం లేదేమోనని భార్యచేత చేయించి చూశారు. మోగింది. సాయంత్రం దుకాణం ముందు కారు కనబడ్డాకే ఇంటికి వెళ్ళారు. లోపలికి వెళ్ళలేదు. ఇంకో శనివారానికి కొంచెం నయం. మూడో శనివారం ఆవిడే ఫోను చేసింది. ఆయన ఒక్క మోతకే ఎత్తారు. కారు తలుపే తీసుకోవడం లేదురా, రాత్రి లోపలి లైటు వేసి మరచిపోయాను, అసలు బ్యాటరీ నిండుగానే ఉన్నా ఇందులో చిన్న బ్యాటరీ ఇంకోటి వేరే ఉందట, అది చచ్చిపోయిందట, నీ పెట్రోలు కారు తెచ్చి వైరు తగిలిస్తావా అంది.

"ఇదిగో వచ్చేశా, సందు మలుపులో ఉన్నా" అన్నారు మాస్టారు. ఆ రోజు నిజంగానే సందు మలుపులో ఉన్నారు. ప్రతి శనివారం ఆ వేళకి అక్కడే ఉంటున్నారు.

స్కూలు మాత్రం ఎప్పటిలాగే నడుస్తోంది. ఇప్పుడు నేర్చుకుంటున్నది ఒక పళ్ళ డాక్టరమ్మ. ఎదుటివాళ్ళ పన్ను పీకేటప్పుడు వణకని చెయ్యి, గేరు కర్ర పట్టుకుంటే వణుకుతుంది. మొన్న పెద్ద సిగ్నలు దగ్గర ఆకుపచ్చ లైటు పడగానే ఆవిడ క్లచ్ ఒక్కసారిగా వదిలేసింది. పిల్ల లేచింది. కారు గంతు వేసి ఆగిపోయింది. వెనక హారన్లు. మళ్ళీ తిప్పింది, మళ్ళీ ఆగింది. పక్క వరసలోంచి అక్కయ్య కారు చప్పుడు లేకుండా ముందుకొచ్చింది. లోపల రెక్సిను బేళ్ళు, కిటికీకి ఆనించిన కర్ర. అక్కయ్య తమ్ముణ్ణి చూసి చెయ్యి ఊపి, ఆగకుండా సిగ్నలు దాటి కొండ దారి వైపు తిరిగింది. మలుపులో గుండీ దొర్లి ఉంటుంది. ఇంతలో ఎర్ర లైటు మళ్ళీ పడింది.

డాక్టరమ్మ స్టీరింగు వదిలేసి ముఖానికి పట్టిన చెమట తుడుచుకుంది. ఏం న్యాయం మాస్టారూ ఇది, నెలనుంచీ క్లచ్ క్లచ్ అని నా ప్రాణం తోడేస్తున్నారు, ఆవిడ చూస్తే ఎడమ కాలు కదపకుండా అలా వెళ్ళిపోయింది అని ఏడుపు గొంతుతో అడిగింది.

మాస్టారు ఆ కారు కనుమరుగయ్యేదాకా చూసి, తన వైపు ఉన్న క్లచ్ మీదనుంచి కాలు మెల్లిగా, ఇంకా మెల్లిగా తీసేశారు.

"ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఆగి ఎక్కిందమ్మా, మీరు మళ్ళీ లైటు పడేదాకా ఆగండి."